ఒకే 150-600, రెండు బాడీలు: ఒకదాంట్లో షార్ప్, రెండోదాంట్లో సాఫ్ట్. డాక్‌తో సర్దాలా, మెనూలో సర్దాలా?

మంజీర మబ్బు

అందరికీ నమస్కారం. యూఎస్‌బీ డాక్‌తో (లెన్స్‌ని కంప్యూటర్‌కి కలిపి లోపలి ఫోకస్ సెట్టింగులు మార్చే చిన్న పరికరం) ట్యూన్ చేసుకునే రకం 150-600 లెన్స్ ఒకటి, దానికి రెండు క్రాప్ సెన్సర్ డీఎస్‌ఎల్‌ఆర్ బాడీలు వాడుతున్నాను. బ్రాండ్ల పేర్లు కావాలనే రాయడం లేదు. పోయినసారి ఎవరో రాస్తే థ్రెడ్ మొత్తం కొట్టుకోవడానికే సరిపోయింది. రెండు బాడీల్లోనూ ఆటోఫోకస్ ఫైన్ ట్యూన్ మెనూ, అంటే ఫోకస్ పడే చోటుని ముందుకో వెనక్కో జరిపే సెట్టింగ్ ఉంది. రెండూ జూమ్ లెన్స్‌కి వైడ్ దగ్గర ఒక విలువ, టెలీ దగ్గర ఒక విలువ విడిగా తీసుకుంటాయి.

సంగతేమిటంటే, అమీన్‌పూర్ చెరువు దగ్గర పాత బాడీతో 600లో తీసిన లకుముకి పిట్ట కన్ను చక్కగా వస్తోంది. అదే లెన్స్ కొత్త బాడీకి తగిలిస్తే కన్ను మెత్తబడి, పిట్ట వెనకాల ఉన్న గడ్డి పోచలు పదునుగా వస్తున్నాయి. బ్యాక్ ఫోకస్, అంటే ఫోకస్ పిట్ట వెనక్కి పడటం అనుకుంటున్నా. డాక్ పెట్టి లెన్స్‌లోనే సరిచేద్దామంటే పాత బాడీలో చెడిపోతుంది కదా? ఒకే చొక్కా ఇద్దరన్నదమ్ములకి కుట్టించినట్టుంది నా పరిస్థితి. ఎటు నుంచి మొదలుపెట్టాలి?

ఓరుగల్లు షట్టర్

ముందు అది ఫోకస్ సమస్యేనా కాదా తేల్చుకో తమ్మీ. ట్రైపాడ్ మీద పెట్టి, స్టెబిలైజేషన్ ఆపి, కదలని వస్తువు మీద ఒక ఫొటో వ్యూఫైండర్‌లోంచి, ఇంకోటి లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద చూస్తూ) తియ్యి. లైవ్ వ్యూది పదునుగా వచ్చి వ్యూఫైండర్‌ది రాకపోతే అప్పుడు ఫైన్ ట్యూన్ మాట. రెండూ మెత్తగా ఉంటే మెనూలో ఎన్ని అంకెలు తిప్పినా లాభం లేదు. షట్టర్ స్పీడ్ చాలకపోయి ఉండొచ్చు, లేదంటే ఎండ సెగ. మన దగ్గర ఏప్రిల్‌లో పది దాటిందంటే చెరువు మీద గాలి ఉడుకుతూనే ఉంటది. ఆ టైంలో 600 దగ్గర ఎవరి లెన్సూ పదునుగా ఉండదు.

డాలస్ బాబాయి

రెండూ అమ్మేసి ఒక మిర్రర్‌లెస్ కొనుక్కో బాబూ. ఫొటో తీసే సెన్సరే ఫోకస్ కూడా కొలుస్తుంది కాబట్టి ఈ ఫ్రంట్, బ్యాక్ గోల దాదాపు ఉండదు. ఇప్పుడు ఇక్కడ ఎవరూ ఈ చార్టులూ స్కేళ్లూ పట్టుకుని తిరగడం లేదు.

మంజీర మబ్బు

బాబాయ్, ఈఎంఐ మీరు కడతానంటే రేపే వెళ్లి కొనేస్తా.

ఓరుగల్లు అన్నా, మీరు చెప్పినట్టే చూశాను. కొత్త బాడీలో లైవ్ వ్యూ ఫొటో బ్రహ్మాండంగా ఉంది, వ్యూఫైండర్ ఫొటో మెత్తగా ఉంది. పొద్దున్నే, గడ్డి మీదుగా తీశాను, సెగ కూడా లేదు.

పెన్నా తీరం

అయితే ఫైన్ ట్యూన్ వ్యవహారమే. ఎందుకొస్తుందో తెలిస్తే ఏం చేయాలో మీకే తడుతుంది.

డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫొటో తీసేది ఒకటి, ఫోకస్ కొలిచేది వేరొకటి. పెద్ద అద్దం మధ్యలోంచి కొంత వెలుతురు వెనక్కి పోతుంది. దాని వెనకాల ఉన్న చిన్న అద్దం ఆ వెలుతురును కెమెరా అడుగున ఉన్న ఏఎఫ్ (ఆటోఫోకస్) మాడ్యూల్ మీదికి మళ్లిస్తుంది. లెన్స్ మౌంట్ నుంచి ఆ మాడ్యూల్ వరకు వెలుతురు నడిచే దూరం, మౌంట్ నుంచి ఇమేజ్ సెన్సర్ వరకు ఉన్న దూరం సరిసమానంగా ఉండాలి. ఫ్యాక్టరీలో దానికి కొంత హద్దు పెట్టుకుంటారు. ఆ హద్దు లోపలే ఒక బాడీ కాస్త ఇటు, ఇంకో బాడీ కాస్త అటు ఉంటాయి. లెన్స్‌లకూ ఇలాగే ఉంటుంది. మీ పాత బాడీ ఒక వైపు, లెన్స్ ఇంకో వైపు జరిగి ఉంటే రెండూ కొట్టేసుకుని కన్ను షార్ప్‌గా వస్తుంది. కొత్త బాడీ లెన్స్ వైపే జరిగి ఉంటే రెండూ కలిసి కనబడతాయి.

కాబట్టి "పాతదాంట్లో బాగుంది, తప్పంతా కొత్త బాడీదే" అని తీర్పు చెప్పేయకండి. అసలు ఇందులో బాడీ వాటా ఎంత, లెన్స్ వాటా ఎంత అని విడదీయడం ఇంట్లో కూర్చుని అయ్యే పని కాదు, ఆ అవసరమూ లేదు. బాడీకీ బాడీకీ మధ్య తేడా ఎంతో తెలిస్తే చాలు. ఆ తేడా మెనూలోకి పోతుంది. ఏ బాడీకి తగిలించినా ఒకేలా కనిపించే వంకర లెన్స్‌లోకి, అంటే డాక్‌లోకి పోతుంది. డాక్‌తో రాసింది లెన్స్ లోపలే ఉండిపోతుంది, ఎక్కడికెళ్తే అక్కడికి వస్తుంది. మెనూలో రాసింది ఆ బాడీ దాటి రాదు.

ఒక పని చేయండి. 150-600తో పాటు మీ దగ్గరున్న ఇంకో లెన్స్ కూడా రెండు బాడీల మీదా పరీక్షించి అంకెలు ఇక్కడ పెట్టండి.

స్క్రూడ్రైవర్ సుబ్బు

ఇంత కష్టం ఎందుకండీ. అద్దం పైకి లేపితే లోపల ఆ చిన్న అద్దం (సబ్ మిర్రర్) ఆనుకునే చోట చిన్న అలెన్ స్క్రూ ఉంటుంది కొన్ని బాడీల్లో. దాన్ని అర చుట్టు తిప్పితే బాడీ మొత్తం సెట్ అయిపోతుంది. యూట్యూబ్‌లో వీడియోలు బోలెడు.

నిర్వాహకుడు

సుబ్బు గారూ, మీ కెమెరా మీ ఇష్టం. కొత్తవాళ్లు చదువుతారు కాబట్టి చెబుతున్నాను: ఆ స్క్రూ తిప్పితే అన్ని లెన్స్‌లకీ ఒకేసారి మారుతుంది, వెనక్కి ఎక్కడికి తేవాలో గుర్తు ఉండదు. అలెన్ కీ జారితే అద్దం మీద గీత. మెనూ ఉన్న బాడీలో ఆ స్క్రూ జోలికి వెళ్లాల్సిన పనే లేదు. మెనూలో ప్లస్ 20, మైనస్ 20 దాటిపోతే అది సర్వీస్ సెంటర్ పని. బాడీ, లెన్స్ రెండూ కలిపి ఇవ్వండి. ఒక్కటే ఇస్తే వాళ్లు తమ ప్రామాణిక లెన్స్‌తో చూసి "అంతా బాగానే ఉంది" అని తిప్పి పంపే అవకాశం ఎక్కువ.

ఓరుగల్లు షట్టర్

పరీక్ష ఎట్ల చెయ్యాల్నో రాస్తున్నా, లేకపోతే వచ్చిన అంకెలకు అర్థం ఉండదు.

దూరం. ఫోకల్ లెంత్‌కి కనీసం 50 రెట్లు పెట్టమని క్యానన్ వాళ్ల సలహా. 600కి అది 30 మీటర్లు. నేను మాత్రం నువ్వు రోజూ పిట్టల్ని ఏ దూరంలో తీస్తావో ఆ దూరమే పెట్టుకోమంటా. అమీన్‌పూర్‌లో గట్టు మీది నుంచి 15 మీటర్లు అనుకుందాం.

ఇంకోటి, చాలామంది చేసే పని: 30 సెంటీమీటర్ల స్కూల్ స్కేలు ఏటవాలుగా పెట్టి 30 మీటర్ల నుంచి తీస్తారు. క్రాప్ బాడీలో 600, ఎఫ్6.3 దగ్గర 30 మీటర్ల దూరంలో డెప్త్ ఆఫ్ ఫీల్డే (షార్ప్‌గా కనిపించే లోతు) 60 సెంటీమీటర్లు దాటుతుంది. స్కేలు ఈ చివర నుంచి ఆ చివర దాకా షార్ప్‌గానే కనిపిస్తది, ఏం తెలుస్తది? 15 మీటర్ల దగ్గర అది 16 సెంటీమీటర్లు, 8 మీటర్ల దగ్గర నాలుగైదు సెంటీమీటర్లు. అందుకే మేస్త్రీలు వాడే స్టీల్ టేపు తీసుకో. ఒక మీటరు పొడుగు చెక్క మీద అంటించి, కెమెరా వైపు నుంచి వెనక్కి ఏటవాలుగా ఆనించు. దాని సగం దగ్గర, పక్కనే నిలువుగా అట్ట ముక్క, దాని మీద నల్ల చారలు ప్రింట్ తీసిన ఏ4 కాగితం. ఫోకస్ కాగితం మీద, చదవడం టేపు మీద. టేపు మీదే ఫోకస్ పెడితే ఏఎఫ్ పాయింట్ ఏ అంకెను పట్టుకుందో దేవుడికే తెలియాలి. వ్యూఫైండర్‌లో కనిపించే చిన్న చతురస్రం కన్నా లోపలి సెన్సర్ వెడల్పుగా ఉంటది.

అపెర్చర్ ఫుల్ ఓపెన్. మధ్య పాయింట్ ఒక్కటే. సింగిల్ ఏఎఫ్. ఫిల్టర్ ఉంటే తీసెయ్యి. పగటి వెలుతురులోనే చెయ్యి, ఇంట్లో పసుపు బల్బు కింద వచ్చే అంకె వేరే ఉండొచ్చు. ప్రతి ఫొటోకి ముందు ఫోకస్‌ని చేత్తో చెడగొట్టు, ఒకసారి దగ్గరికి, ఒకసారి అనంతం వైపు. ఒక్కో విలువకి ఎనిమిది పది ఫొటోలు తీసి నడిమిది తీసుకో. ఒక్క ఫొటో చూసి అంకె మార్చేవాళ్లకి సాయంత్రం దాకా అదే పని.

గుర్తు పెట్టుకో: ప్లస్ అంటే ఫోకస్ కెమెరాకి దూరంగా జరుగుతది, మైనస్ అంటే దగ్గరికి వస్తది. బ్యాక్ ఫోకస్‌కి మైనస్.

లకుముకి

అన్నా, మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. నా దగ్గర ఉన్న రెండు బాడీల్లో ఒకటి ఎంట్రీ లెవల్. అందులో అసలు ఈ మెనూనే లేదు. నేనేం చెయ్యాలి? లెన్స్ డాక్ ఉన్నదే.

పెన్నా తీరం

లకుముకి, మీ ప్రశ్నకి జవాబు వీళ్లందరి ప్రశ్నల కన్నా తేలిక. మెనూ లేని బాడీని ప్రమాణంగా పెట్టుకోండి. డాక్‌తో లెన్స్‌ని దానికి సరిపోయేలా సర్దండి. ఆ తర్వాత మెనూ ఉన్న బాడీకి తగిలించి, వచ్చిన తేడాని దాని మెనూలో తీసేయండి. సర్దుకోగలిగినదే సర్దుకోవాలి, ఇంట్లోనైనా ఇంతే కదా.

నికాన్‌లో డీ3000, డీ5000 వరుస బాడీల్లో ఈ మెనూ ఉండదు, డీ7000 నుంచి ఉంటుంది. క్యానన్ 50డీలో ఇచ్చి, 60డీలో తీసేసి, 70డీలో మళ్లీ ఇచ్చింది. ఆ తీసేయడానికి కారణం ఏమైనా గానీ, సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఇది చూసుకోవాలి. డాక్ సిగ్మా 2013లో, టామ్రాన్ టాప్-ఇన్ పేరుతో 2016లో తెచ్చాయి. ఆ లెన్స్‌లు కూడా అన్నీ కాదు, ఆ తరం తర్వాతవే. డాక్ కూడా మీ మౌంట్‌దే కొనాలి. నికాన్ 200-500 లాంటి వాటికి డాక్ అంటూ లేదు. అలాంటి లెన్స్, మెనూ లేని బాడీ కలిస్తే సర్వీస్ సెంటరో, లైవ్ వ్యూనో గతి.

లకుముకి

థాంక్స్ మేడం. చాలాచోట్ల అడిగాను, అందరూ "బాడీ మార్చు" అనే అన్నారు.

మంజీర మబ్బు

ఇవిగో అంకెలు. డాక్ ముట్టుకోలేదు, రెండు బాడీల మెనూలూ సున్నా నుంచి మొదలుపెట్టి, ఎక్కడ షార్ప్‌గా వస్తే ఆ విలువ రాసుకున్నాను. దూరం 15 మీటర్లు, 70-200కి మాత్రం 10 మీటర్లు.

150-600, 150 దగ్గర: పాతది ప్లస్ 4, కొత్తది మైనస్ 2.
150-600, 400 దగ్గర: పాతది మైనస్ 4, కొత్తది మైనస్ 9.
150-600, 600 దగ్గర: పాతది మైనస్ 2, కొత్తది మైనస్ 7.
70-200 ఎఫ్4, 200 దగ్గర: పాతది ప్లస్ 2, కొత్తది మైనస్ 6.

నాకు అర్థం కానిది ఒకటే. బాడీల మధ్య తేడా 600 దగ్గర 5 ఉంటే 70-200లో 8 ఎందుకొచ్చింది? తేడా బాడీదైతే ఒకటే అంకె రావాలి కదా?

ఓరుగల్లు షట్టర్

కొలతలో పొరపాటు అయ్యుంటది. 70-200 మళ్లీ చెయ్యి.

పెన్నా తీరం

పొరపాటు కాదనుకుంటా ఓరుగల్లు గారూ. మెనూలో ఒక మెట్టు అంటే ఇన్ని మైక్రాన్లు అని స్థిరంగా ఉండదు. క్యానన్ చెప్పిన లెక్కలో ఒక మెట్టు అంటే ఆ లెన్స్ ఫుల్ ఓపెన్ అపెర్చర్ దగ్గర ఉండే డెప్త్ ఆఫ్ ఫోకస్‌లో (సెన్సర్ దగ్గర ఫోకస్ అటూ ఇటూ జరిగినా షార్ప్‌గానే ఉండే దూరం) ఎనిమిదో వంతు. ఎఫ్6.3 దగ్గర డెప్త్ ఆఫ్ ఫోకస్ పెద్దది, మెట్టు కూడా పెద్దది. ఎఫ్4 దగ్గర మెట్టు చిన్నది. బాడీలో ఉన్న దూరం తేడా మాత్రం ఒకటే. పెద్ద మెట్లతో ఎక్కితే 5, చిన్న మెట్లతో ఎక్కితే ఎక్కువ. 5ని 6.3తో గుణించి 4తో భాగించండి: 7.9. మీకు 8 వచ్చింది. 150 దగ్గర మీ లెన్స్ ఎఫ్5. అదే లెక్కన 6.3 రావాలి, మీకు 6 వచ్చింది.

ఇంత శుభ్రంగా కుదిరిందంటే కొలత బాగా చేశారన్నమాట. బాడీల మధ్య తేడా నిజంగా బాడీదే అని కూడా తేలిపోయింది. "అన్ని లెన్స్‌లకీ ఒకే విలువ" అనే ఆప్షన్ ఎందుకు వాడకూడదో కూడా ఇందులోనే ఉంది. అన్నింటికీ మైనస్ 5 అని పెట్టి ఊరుకుంటే 70-200 దగ్గర బాడీల మధ్య ఉన్న ఎనిమిది మెట్ల తేడాలో ఐదే తీరుతాయి.

ఓరుగల్లు షట్టర్

ఈ గుణకారం నేనెప్పుడూ చెయ్యలే. సరే, ఒప్పుకుంటున్నా. కానీ ఇప్పుడు డాక్ ఎందుకు? రెండు బాడీలూ వైడ్, టెలీ విడిగా తీసుకుంటాయి. పాతదాంట్లో ప్లస్ 4, మైనస్ 2. కొత్తదాంట్లో మైనస్ 2, మైనస్ 7. కథ అయిపోయింది. డాక్‌లో 16 గళ్లు ఉంటాయి, నాలుగు ఫోకల్ లెంత్‌లు, నాలుగు దూరాలు. ఒక్కో గడి మార్చినప్పుడల్లా లెన్స్ ఊడదీసి, ల్యాప్‌టాప్‌కి తగిలించి, రాసి, మళ్లీ బాడీకి పెట్టి చూడాలి. రెండు ఆదివారాలు గోవిందా.

పెన్నా తీరం

400 దగ్గర చూడండి. పాత బాడీలో 150కి ప్లస్ 4, 600కి మైనస్ 2 పెడితే మధ్యలో ఏం వాడాలో కెమెరా తానే అంచనా వేసుకుంటుంది. సుమారు ప్లస్ 1 అనుకుంటుంది. కావాల్సింది మైనస్ 4. ఐదు మెట్లు తప్పు. లెన్స్ మధ్యలో కుంగి ఉంది, కెమెరాకి రెండు కొసలే తెలుసు. 400లో తీసేవారైతే ఆ కుంగును డాక్ తప్ప ఏదీ తీయలేదు. ఎప్పుడూ 600లోనే ఉండేవారైతే మీరు చెప్పిందే నయం, డాక్ అక్కర్లేదు.

మంజీర గారూ, మీరు 400 వాడతారా?

మంజీర మబ్బు

బాగా వాడతాను మేడం. కొంగలు, గూడబాతులు 600లో ఫ్రేమ్‌లో పట్టవు. ఎగురుతుంటే ఇంకా వెనక్కి రావాలి.

పెన్నా తీరం

అయితే డాక్ పెట్టండి. పాత బాడీని ప్రమాణం చేసుకోండి, ఎందుకంటే 70-200తో కూడా అది సున్నాకి దగ్గరగా ఉంది. రేపు ఈ లెన్స్ ఎవరికైనా అమ్మినా, మూడో బాడీ కొన్నా, పెద్దగా ఇబ్బంది పెట్టదు. పాత బాడీ మెనూలో ఈ లెన్స్‌కి సున్నా ఉంచి, డాక్‌లో మీరు కొలిచిన మూడు ఫోకల్ లెంత్‌లనీ సున్నాకి తెచ్చుకోండి. డాక్ మెట్టూ బాడీ మెట్టూ ఒకటే కాదు. మెనూలో మైనస్ 4 వచ్చిందని డాక్‌లో మైనస్ 4 రాసేసి నిద్రపోకండి. రాసి, పరీక్షించి, మళ్లీ రాయాలి. 16 గళ్లూ నింపక్కర్లేదు. మీ పిట్టలుండే దూరానికి దగ్గర గడి ముందు సరిచేసి, దాని అటూ ఇటూ గళ్లకి అదే విలువ ఇచ్చి చూడండి. చెడితేనే మార్చండి.

అయ్యాక కొత్త బాడీ మెనూలో వైడ్ మైనస్ 6, టెలీ మైనస్ 5. ఇది లెక్క ప్రకారం. నమ్మకుండా కొలవండి.

ఇంకో మాట, టేపు చూసి చూసి కళ్లు లాగితే డాట్ ట్యూన్ పద్ధతి ఉంది. లైవ్ వ్యూలో పెద్దది చేసి ఫోకస్ పక్కాగా పెట్టి, లెన్స్ కదలకుండా మాన్యువల్‌లోకి మార్చండి. తర్వాత వ్యూఫైండర్‌లో షట్టర్ సగం నొక్కుతూ మెనూ విలువ ఒక్కొక్కటీ మారుస్తూ పోండి. ఫోకస్ చుక్క ఏ విలువ నుంచి ఏ విలువ దాకా నిలకడగా వెలుగుతుందో చూసి దాని మధ్య విలువ తీసుకోండి. ఫొటో తీయక్కర్లేదు. నా డీ500లో లైవ్ వ్యూ నుంచి దానంతట అదే ట్యూన్ చేసుకునే ఆప్షన్ ఉంది, ఏఎఫ్ మోడ్ బటన్, వీడియో బటన్ కలిపి రెండు సెకన్లు నొక్కాలి. దాన్నీ ఒక్కసారి చేసి వదిలేయకుండా కొన్నిసార్లు చేసి మధ్యది తీసుకుంటాను.

డాలస్ బాబాయి

ఇదంతా చదివాక నా మిర్రర్‌లెస్ మీద ప్రేమ ఇంకా పెరిగింది.

ఓరుగల్లు షట్టర్

బాబాయ్, మీ ప్రేమ మాకు తెలుసు గానీ, ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో డీఎస్‌ఎల్‌ఆర్‌లు అగ్గువకి వస్తున్నాయి. పిల్లలు కొంటున్నది అవే. వాళ్లకి ఈ థ్రెడ్ కావాలి.

మంజీర మబ్బు

పని అయింది. డాక్ ఒక మిత్రుడి దగ్గర అరువు తెచ్చుకున్నాను. పాత బాడీలో 150, 400, 600 మూడు చోట్లా ఒక మెట్టు లోపలే ఉన్నాయి. కొత్త బాడీలో వైడ్ మైనస్ 6, టెలీ మైనస్ 5 పెట్టాను, లెక్కకి సరిపోయింది. 400 దగ్గర కూడా ఇప్పుడు విడిగా ఏం చేయాల్సిన పని లేదు. 70-200కి కొత్త బాడీలో మైనస్ 6 విడిగా ఉంచాను, పాతదాంట్లో ప్లస్ 2.

బాగా దగ్గర, నాలుగు మీటర్ల లోపు మాత్రం 600లో కాస్త ఫ్రంట్ ఫోకస్ కనిపిస్తోంది. అంత దగ్గరికి ఏ పిట్టా రానివ్వదు కాబట్టి ఆ గడి వదిలేశాను. విలువలన్నీ కాగితం మీద రాసి కెమెరా బ్యాగ్ లోపలి జేబులో పెట్టాను, బాడీ ఎప్పుడైనా రీసెట్ చేస్తే పనికొస్తుంది.

ఒక్క అనుమానం. 1.4 టెలీకన్వర్టర్ (లెన్స్ ఫోకల్ లెంత్‌ని 1.4 రెట్లు పెంచే జోడింపు లెన్స్) పెడితే మళ్లీ ఇదంతా చేయాలా?

ఓరుగల్లు షట్టర్

కన్వర్టర్ పెట్టిన లెన్స్‌ని బాడీ వేరే లెన్స్ లాగే చూస్తది, దానికి విలువ విడిగా పెట్టాలి. కానీ నీ లెన్స్ 600 దగ్గర ఎఫ్6.3. 1.4 పెడితే ఎఫ్9 అయితది. చాలా డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఆటోఫోకస్ మహా అయితే ఎఫ్8 దగ్గర ఆగిపోతది, అది కూడా కొన్ని పాయింట్లతోనే. ఆ డబ్బులతో పెట్రోలు కొట్టించుకుని నేలపట్టు పక్షుల కేంద్రానికి పోయిరా.

పెన్నా తీరం

నేలపట్టుకి చలికాలంలో రండి. వాచ్ టవర్ మీంచి గూడబాతులు 400లోనే నిండుగా వస్తాయి.

లకుముకి

మంజీర అన్నా, ఆ డాక్ ఏ మౌంట్‌ది? నాది కూడా అదే అయితే రెండు రోజులు ఇప్పిస్తారా?

నిర్వాహకుడు

అరువుల బేరాలు ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టుకోండి. థ్రెడ్‌ని పైన పిన్ చేస్తున్నాను. సుబ్బు గారి స్క్రూ పోస్టు కింద నా హెచ్చరిక అలాగే ఉంటుంది.